కుట్టు దుకాణంలో మందుల బీరువా

అమ్మాయి రెండు సీసాలు తెచ్చి కుట్టుమిషను బల్ల మీద పక్కపక్కన పెట్టింది. ఒకదాని మీద కాగితం గీకేసి ఉంది. రెండోదాని మీద కాగితం అలాగే ఉంది.

"రెండూ ఒకటే మందు. ఇది గుండెకి వేసుకునేది కాదు," అంది.

ఆమె తల్లి టైలరమ్మ కాలు మిషను తొక్కుడు మీదే ఆగిపోయింది. సూది కింద సగం కుట్టిన చొక్కా చెయ్యి అలాగే ఉండిపోయింది. దుకాణానికీ ఇంటికీ మధ్య ఉన్న గడపలో నిలబడ్డ నాయనమ్మ, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బాబాయి అప్పుడే తన మెకానిక్ షెడ్డు నుంచి భోజనానికి వచ్చాడు. చేతుల గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ, వదిన ముఖమూ తల్లి ముఖమూ మార్చి మార్చి చూశాడు.

"గుండెకి కాకపోతే మరి దేనికి?" అన్నాడు.

అమ్మాయి అతని వైపు తిరిగింది. ఇంట్లో అందరికీ తెలుసనీ, తనకొక్కదానికే తెలియదనీ ఆమె ఇన్ని రోజులుగా అనుకుంటోంది. బాబాయి ముఖం చూశాక అది నిజం కాదని తెలిసింది.

"హెచ్ఐవీకి," అంది. "నాకుంది. అమ్మకీ ఉంది. నీక్కూడా చెప్పలేదా వీళ్ళు?"

అతను గుడ్డను బల్ల మీద పెట్టాడు. తర్వాత చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. భోజనానికి రమ్మని వెనకనుంచి నాయనమ్మ పిలిచింది. అతను తిరిగి చూడలేదు.

అమ్మాయి అతను వెళ్ళిన వైపే చూస్తూ నిలబడింది. తండ్రి పోయేనాటికి ఆమె ఇంకా పాకుతోంది. ఆమెకు సైకిలు నేర్పినవాడూ, మిషను పాడైతే ఎలా విప్పాలో చూపించినవాడూ, "స్పానర్" అని ముద్దుపేరు పెట్టినవాడూ బాబాయే. ఒక్క మాటకు అతను అలా వెళ్ళిపోతాడని ఆమె అనుకోలేదు.

"చూశావా? నా నీడ కూడా పడకూడదన్నట్టు పోయాడు," అని తనలో తను అనుకుంటున్నట్టుగా తల్లితో అంది.

*

గుండెలో పుట్టుకతోనే చిన్న లోపముందని అమ్మాయికి ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతూ వచ్చారు. ఆ కథ నాయనమ్మ అల్లింది. అందుకే ఆటల పోటీలకు పంపలేదు. అందుకే పొద్దున్నే మాత్ర మింగాలి. తల్లి కూడా రోజూ ఒక మాత్ర మింగేది. అది రక్తపోటుకట. కొత్త సీసా రాగానే టైలరమ్మ దానిని నీళ్ళలో నానబెట్టి, గోటితో కాగితం గీకేసేది.

ఆ గీకిన సీసాలతో పదహారేళ్ళు గడిచిపోయాయి. ఇంకా గడిచేవే, బీరువా రాకపోయి ఉంటే.

ఆ బీరువా పెద్దాసుపత్రి నర్సు ఆలోచన. ఊరి చివర క్వారీ ఉంది. దాని చుట్టూ రేకుల ఇళ్ళలో రాళ్ళు కొట్టేవాళ్ళు ఉంటారు. వాళ్ళలో ఈ జబ్బున్నవాళ్ళు మందుల కోసం నెలనెలా పెద్దాసుపత్రికి పోవాలి. తెల్లవారకముందే బస్సెక్కితే పొద్దుగూకాక ఇల్లు చేరతారు. మేస్త్రి సెలవెందుకని అడుగుతాడు. ఒకసారి జ్వరమని చెప్పొచ్చు, రెండోసారి బంధువులని చెప్పొచ్చు. ఆ తర్వాత చెప్పడానికి అబద్ధాలు కూడా మిగలవు. అలా ఒక్కొక్కరూ మానేశారు. మానేసినవాళ్ళు మంచాన పడ్డాకే మళ్ళీ నర్సు కంటబడేవాళ్ళు.

నర్సు పెద్ద డాక్టరుతో చాలాకాలం పోట్లాడింది. మందులు బాగా పనిచేస్తున్నవాళ్ళకు ఆసుపత్రిలో వరసలో నిలబడాల్సిన పనేముందని అడిగింది. వాళ్ళు ఉన్నచోటికే మందు పంపిస్తే, తను నెలకోసారి వచ్చి రక్తం తీసి, కష్టం ఉన్నవాళ్ళను మాత్రమే ఆసుపత్రికి తీసుకుపోతే సరిపోతుందంది. ఎక్కడ పెడతావని డాక్టరు అడిగితే, కుట్టు దుకాణంలో అని చెప్పింది. చిరిగిన బట్ట పట్టుకుని దర్జీ దగ్గరికి పోయేవాళ్ళను ఎవరూ ఎందుకని అడగరు.

టైలరమ్మ ఒప్పుకుంది. మాత్రలు మింగడమంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. బట్టల తానుల వెనక ఇనప బీరువా వచ్చింది. కుట్టిన బట్ట మడతలో మందుల పొట్లం పెట్టి ఇచ్చేది. ఇస్తూ జ్వరముందా, దగ్గుందా, తిండి సయిస్తోందా అని అడిగేది. ఏదైనా తేడాగా ఉంటే నర్సుకు ఫోను చేసేది.

బీరువా గురించి అమ్మాయికి చెప్పలేదు. అందులో ఖరీదైన బట్టలున్నాయన్నారు. ఒకరోజు తల్లి ఎవరికో కొలతలు తీసుకోవడానికి వెళ్ళినప్పుడు, నల్లదారం ఉండ కోసం వెతుకుతూ అమ్మాయి, తల్లి మరిచిపోయిన తాళం చెవులతో దాన్ని తెరిచింది. తన సీసాలాంటివే వరసగా కనిపించాయి. అన్నిటి మీదా కాగితాలున్నాయి. వాటి మీది మందు పేరు ఫోనులో వెతికి చూసింది.

ఆ రోజు నుంచి ఆమె మాత్ర నోట్లో వేసుకుని, తల్లి అటు తిరగ్గానే ఉమ్మేస్తోంది.

*

అత్తాకోడళ్ళు చాలాకాలం తర్వాత ఆ మధ్యాహ్నం గొంతులెత్తి పోట్లాడుకున్నారు.

ఆ బీరువాను గడప దాటనివ్వవద్దని తను నెత్తీ నోరూ కొట్టుకున్నానని అత్తగారు అంది. ఊళ్ళోవాళ్ళ మందులు నెత్తిన పెట్టుకుని, కడుపున పుట్టినదాని బతుకు బజారున పడేశావంది. పిల్లకు పదేళ్ళు వచ్చినప్పుడే చెబుదామన్నానని కోడలు అంది. ఒట్టు వేయించుకున్నదెవరని అడిగింది. తన కొడుకు పోయాడని, పోయినవాడి పేరు పిల్ల నోట చెడ్డగా రాకూడదనే ఆ ఒట్టు వేయించుకున్నానని అత్తగారు కళ్ళు తుడుచుకుంది.

"ఆయన పేరు కాపాడాం అత్తయ్యా," అంది టైలరమ్మ. "పిల్ల ఏమైపోతుందో చూసుకోలేదు."

అత్తగారు లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళింది.

సాయంత్రం టైలరమ్మ వెనకగదిలోకి వెళ్ళింది. అమ్మాయి కిటికీ పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల్లి పక్కన కూర్చోలేదు. ఎదురుగా నేల మీద కూర్చుంది.

"అడుగు," అంది. "ఏదడిగినా చెప్తాను."

"నాన్నకి తెలిసే నీకు అంటించాడా?"

"ఆయనకి తెలీదు. తెలిసేటప్పటికి లేచి నిలబడలేకపోయేవాడు."

"మొదట ఎవరికి ఉందని తెలిసింది?"

టైలరమ్మ కొంగు అంచును వేళ్ళతో మడిచింది, విప్పింది. కాన్పు ఇంట్లోనే మంత్రసాని చేతుల మీదుగా జరిగిందని, అప్పట్లో ఎవరూ ఏ పరీక్షా చేయలేదని చెప్పింది. పిల్లకు జ్వరాలు తగ్గకపోతే, నోట్లో పుండ్లు మానకపోతే, పెద్దాసుపత్రికి ఎత్తుకుపోయారు. అక్కడ పిల్ల రక్తం పరీక్ష చేశారు. అది చూశాక తల్లిని చేశారు. ఆఖరికి తండ్రిని చేశారు.

"ఇంట్లో అందరికంటే ముందు నీకే ఉందని తెలిసింది," అంది.

"అందరికంటే చివర నాకే చెప్పారు," అంది అమ్మాయి. కాసేపాగి తనే దిద్దుకుంది. "చెప్పను కూడా లేదు. నేనే తెలుసుకున్నాను."

టైలరమ్మ లేచి వెళ్ళిపోలేదు. చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది. అమ్మాయి దీపం వెయ్యమనలేదు, వద్దనలేదు.

మర్నాడు పొద్దున అమ్మాయి వంటింట్లోకి వచ్చింది. అలమరలో గ్లాసులన్నీ ఒక వరసలో ఉన్నాయి. ఒక్క గ్లాసు మాత్రం కింది అరలో విడిగా బోర్లించి ఉంది. అది తల్లిది. చిన్నప్పటి నుంచీ అది అక్కడే ఉండేది. అమ్మకు విడి గ్లాసు ఇష్టం కాబోలని అమ్మాయి అనుకునేది.

ఆమె ఆ గ్లాసు తీసి, నీళ్ళు పోసుకుని, నాయనమ్మ చూస్తుండగా తాగింది. తర్వాత పై వరసలోని తన గ్లాసు తీసి, తల్లి గ్లాసు పక్కన కింది అరలో పెట్టింది.

"వేరు పెట్టాలంటే రెండూ వేరు పెట్టు నాయనమ్మా," అంది. "నాకూ అదే ఉంది. నా ఎంగిలి ఇన్నేళ్ళూ తిన్నావుగా, నీకేమైంది?"

ముసలామె కత్తిపీట ముందు కూర్చుని ఉంది. తలెత్తలేదు. ఆ ఎంగిలి నిజం. పిల్లకు జ్వరమొచ్చినప్పుడల్లా, అది తినక వదిలేసిన ముద్ద తనే నోట్లో వేసుకునేది. పిల్ల రక్తంలోనూ కోడలి రక్తంలోనూ ఉన్నది ఒకటేనని ఆమెకు తెలియక కాదు. తెలిసిన సంగతిని ఒకచోట పక్కన పెట్టి, ఇంకోచోట పట్టుకు కూర్చుంది.

మధ్యాహ్నం టైలరమ్మ చూసేసరికి కింది అర ఖాళీగా ఉంది. రెండు గ్లాసులూ పై వరసలో మిగతావాటి మధ్యన ఉన్నాయి. ఎవరు పెట్టారని ఆమె అడగలేదు.

*

సీసాల గొడవ జరిగిన రాత్రి బాబాయి ఇంటికి రాలేదు. మరుసటి రోజూ రాలేదు. షెడ్డులోనే పడుకుంటున్నాడని, పని ఎక్కువుందని కబురంపాడు. నాయనమ్మ క్యారేజీ పట్టుకెళితే తీసుకున్నాడు గానీ, తల్లి కళ్ళలోకి చూడలేదు. అమ్మాయి ఆ సంగతి విని, బాబాయి కొనిచ్చిన పనిముట్ల పెట్టె తీసి మంచం కిందికి తోసేసింది.

ఇంట్లో ఇంత జరుగుతుంటే టైలరమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. నర్సుకు ఫోను చేసి, బీరువా తీసుకెళ్ళిపొమ్మంది. నర్సు వారించలేదు. వస్తానంది, అంతే.

ఆమె వచ్చిన రోజు పొట్లాలిచ్చే రోజు కూడా. దుకాణం తలుపు ఒక రెక్క మూసి ఉంది. నర్సు సంచి దించి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులతో గోడ పట్టుకుని లేస్తుంది. బీరువా సంగతి ఎత్తకుండా, అమ్మాయితో కాస్త మాట్లాడాలని ఉందంది. అమ్మాయి తనంతట తనే బయటికి వచ్చింది.

"నేను చచ్చిపోతానా సిస్టర్?" అని నిలబడే అడిగింది.

"నాకు షుగరుంది," అంది నర్సు. "నువ్వు మాత్ర సరిగ్గా మింగితే నాకంటే చాలా ఏళ్ళు ఎక్కువే బతుకుతావు."

"మింగకపోతే?"

"మింగకపోతే కొన్నేళ్ళు ఏమీ తెలీదు. ఆ తర్వాత అన్నీ ఒక్కసారే వస్తాయి. నేను చూశాను కాబట్టి చెప్తున్నాను, నిన్ను భయపెట్టడానికి కాదు."

అమ్మాయి బల్ల అంచు పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. మాత్రలు మానేసి రెండు వారాలు దాటిందని చెప్పింది. టైలరమ్మ కుడుతున్న బట్ట వదిలి ఇటు తిరిగింది. నర్సు కోప్పడలేదు. అంతకాలం మానేస్తే వైరస్ ఆ మందుకు లొంగకుండా తయారయ్యే ప్రమాదం ఉందంది. మళ్ళీ మొదలుపెట్టి, కొన్ని వారాలయ్యాక రక్తం తీసి పంపిస్తే తెలుస్తుందని, ఆ ఫలితం వచ్చేదాకా ఏ సంగతీ గట్టిగా చెప్పలేనంది.

అమ్మాయి పెళ్ళి గురించి అడిగింది. పిల్లల గురించి అడిగింది. రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గి, అలాగే నిలబడితే కట్టుకున్నవాడికి రాదని నర్సు చెప్పింది. పుట్టే బిడ్డకు రాకుండా కూడా చాలావరకు కాపాడుకోవచ్చంది. మాటలు నెమ్మదిగా, తేలికగా చెప్పింది.

"ఇవన్నీ అమ్మకి తెలుసుగా?"

"తెలుసు."

"మరెందుకు చెప్పలేదు?"

"చెప్పడానికి మంచిరోజు కోసం చూసుంటుంది. దీనికి మంచిరోజు రాదమ్మా."

అమ్మాయి మిషను చక్రాన్ని వేలితో తిప్పుతూ కూర్చుంది. తర్వాత, పుట్టుకతో ఇది ఉన్నవాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారా అని అడిగింది. ఉన్నారని నర్సు అంది. పేర్లు చెప్పలేదు. వాళ్ళకు తెలుసా అని అమ్మాయి అడిగింది.

"ఒకడికి ఎముకల్లో బలం తక్కువ," అంది నర్సు. "ఒకమ్మాయికి రక్తం తక్కువ. ఇద్దరు ముగ్గురికి నీలాగే గుండె జబ్బు."

అమ్మాయి ముఖంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. "వాళ్ళకి ఎవరు చెప్తారు?"

ఆదివారాలు ఈ దుకాణానికి సెలవు కదా, ఆ పిల్లల్ని ఇక్కడ కూర్చోబెట్టాలని చాలాకాలంగా ఉందంది నర్సు. ఆ ఈడు వాళ్ళే ఒకరు వాళ్ళతో మాట్లాడితే బాగుంటుందని, డాక్టర్ల మాటా పెద్దల మాటా వాళ్ళ చెవికెక్కదని అంది. అంత అని, టైలరమ్మ వైపు చూసి ఆగిపోయింది. "ఇప్పుడా సంగతెందుకులే. బీరువాయే పోతోందిగా."

*

అప్పుడు రాళ్ళమ్మ వచ్చింది.

క్వారీలో రాళ్ళు కొట్టే మనిషి. చేతులు కూడా రాళ్ళలాగే ఉంటాయి. నెలనెలా ఒకటే చొక్కా తెస్తుంది. అది దానంతట అది చిరగని నెలలో, దారిలో తనే ఎక్కడో పట్టి చింపుకొస్తుంది. టైలరమ్మ ప్రతిసారీ ఆ చిరుగు చూసి, ఈసారి కొత్తచోట చించావే అని నవ్వేది.

ఆ రోజు నవ్వలేదు. గుమ్మంలోనే ఆపి, ఇకనుంచి ఇక్కడ పొట్లాలు ఉండవని, మళ్ళీ పెద్దాసుపత్రికే పోవాలని చెప్పింది. ఇంట్లో బాగా లేదంది.

రాళ్ళమ్మ ఎందుకని అడగలేదు. చొక్కాను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. మొదటిసారి మందులు మానేసినప్పుడు ఆమెను మంచం మీద మోసుకుపోయారు. తిరిగి నడిచివస్తుందని ఎవరూ అనుకోలేదు.

"మళ్ళీ బస్సేనా," అంది చివరికి. "నేను పోను టైలరమ్మా. సెలవడిగితే ఈసారి మేస్త్రి రావద్దంటాడు. అబద్ధమాడుతున్నానని వాడికి తెలిసిపోయింది."

నర్సు తన చేతులు చూసుకుంటూ కూర్చుంది.

అమ్మాయి లేచింది. తల్లి నడుముకు దోపుకున్న తాళం చెవుల్ని తీసుకుంది. టైలరమ్మ అడ్డుపడలేదు. తానులు జరిపి, బీరువా తెరిచి, పొట్లం తీసింది. రాళ్ళమ్మ చేతిలోని చొక్కా అందుకుని, చిరుగు దగ్గర నాలుగు కుట్లు వేసి, మడిచి, మడతలో పొట్లం పెట్టింది.

"జ్వరమేమైనా వచ్చిందా? దగ్గుందా? రాత్రిళ్ళు చెమటలు పడుతున్నాయా?"

తల్లి అందరినీ అడిగే మాటలవి. ఇన్నాళ్ళూ అమ్మాయి వాటిని ఊరికే కుశలప్రశ్నలనుకుంది.

లేవని రాళ్ళమ్మ చెప్పింది. ఆమె కళ్ళు అమ్మాయి ముఖం మీదే ఉన్నాయి. ఈ పొట్లంలో ఏముందో నీకు తెలుసా అన్నట్టు చూసింది.

"నాకూ ఉంది," అంది అమ్మాయి.

ఇంటివాళ్ళు కానివాళ్ళ ముందు ఆమె ఆ మాట అనడం అదే మొదలు. రాళ్ళమ్మ అయ్యో అనలేదు. దేవుణ్ణి తలుచుకోలేదు. చొక్కా విప్పి కుట్టు చూసింది.

"మీ అమ్మకంటే గట్టిగా కుట్టావు," అంది. "వచ్చే నెల చింపడానికి నాకు కష్టమే."

గడపలో నిలబడ్డ నాయనమ్మ అదంతా చూసింది. రాళ్ళమ్మ వెళ్ళాక మరొకరు, ఆ తర్వాత ఇంకొకరు వచ్చారు. అమ్మాయే ఇచ్చింది. టైలరమ్మ పక్కన నిలబడి చూసింది. ఒక్క మాటలో కూడా కూతురు తప్పు పలకలేదు.

బీరువా మూశాక, అమ్మాయి తన సీసా మాత్రం బయట ఉంచుకుంది.

"ఇది ఇకనుంచి నా దగ్గరే ఉంటుంది. కాగితం చింపొద్దు. మింగానా లేదా అని అడగొద్దు. ఎదురుగా నిలబడి చూడొద్దు."

టైలరమ్మ నర్సు వైపు చూసింది. నర్సు ఏమీ సాయం చేయలేదు. పదహారేళ్ళుగా రోజూ పొద్దున ఆ మాత్ర గొంతు దిగిందని చూశాకే ఆమె మిషను ముందు కూర్చునేది. అడగకుండా ఎలా ఉండగలదో ఆమెకు తెలియదు.

"సరే," అంది.

*

బీరువా ఉంటుందా పోతుందా అన్నది ఎవరూ తేల్చలేదు. నర్సు సంచి సర్దుకుంటుంటే గుమ్మంలో వెలుతురు తగ్గింది. బాబాయి వచ్చి నిలబడ్డాడు.

గడ్డం మాసి ఉంది. చొక్కా అదే. లోపలికి రాకుండా చెప్పులు విప్పి, మళ్ళీ తొడుక్కుని, మళ్ళీ విప్పాడు. అమ్మాయి అతన్ని చూసి, బట్టలు సర్దడంలో మునిగిపోయింది. నాయనమ్మ ఒక అడుగు ముందుకు వేసి, భోజనం చేశావా అని అడిగింది. అతను తల్లికి జవాబివ్వలేదు.

"నర్సమ్మా," అన్నాడు. "ఆ పరీక్ష మీ దగ్గర ఉందా?"

ఎవరికని నర్సు అడిగింది.

"నాకు."

అమ్మాయి చేతుల్లోని బట్ట జారి బల్ల మీద పడింది.

బాబాయి మాట్లాడుతూ నేల వంకే చూశాడు. "అన్నయ్య నడిపే లారీ మీద నేను క్లీనరుగా తిరిగాను. అన్నయ్యకి పెళ్ళి కాకముందూ, అయ్యాకా కూడా. అన్నయ్య ఆగిన చోటల్లా నేనూ ఆగాను. అన్నయ్య కాలేయం పాడై పోయాడన్నారు. నేను నమ్మాను. నమ్మి ఇన్నేళ్ళూ హాయిగా ఉన్నాను."

నాయనమ్మ గడప మీద కూలబడింది. ఏడవలేదు. ఒక కొడుకు పేరు కాపాడటానికి చెప్పిన కథ, రెండో కొడుకు చెవిలో కూడా పడిందని ఇన్నేళ్ళలో ఆమె ఒక్కసారీ ఆలోచించలేదు. టైలరమ్మ అత్తగారి పక్కకు వెళ్ళి నిలబడింది. భుజం మీద చెయ్యి వేయాలనుకుంది గానీ, వేయలేకపోయింది.

బాబాయి అప్పుడు అమ్మాయిని చూశాడు.

"ఆ రోజు నిన్ను చూసి పోలేదు స్పానర్. నన్ను చూసుకుని పోయాను."

అమ్మాయి స్టూలు జరిపి అతనికి వేసింది.

నర్సు ముందు మాట్లాడాలంది. పరీక్ష ఎందుకు, ఉందని వస్తే ఏమిటి, లేదని వస్తే ఏమిటి అన్నీ చెప్పింది. ఈ ఒక్క పరీక్షతోనే తేల్చరని, ఉందని వస్తే ఆసుపత్రిలో మళ్ళీ చేసి ఖాయం చేస్తారని చెప్పింది. ఇష్టం లేకపోతే ఇప్పుడైనా లేచి వెళ్ళొచ్చంది. అతను చెయ్యి చాపాడు. ఎంత రుద్దినా గ్రీజు వదలని వేళ్ళు. నర్సు చిటికెన వేలికి పక్కది ఎంచుకుని, దూదితో రెండుసార్లు తుడిచి, గుచ్చింది. ఒక బొట్టు రక్తం పరీక్ష చేసే చిన్న ప్లాస్టిక్ పలక మీద పడింది.

తర్వాత కూర్చోవడమే మిగిలింది. పలక బల్ల మీద, కత్తెర పక్కన ఉంది. దాని వైపు చూడకూడదని అందరూ అనుకున్నట్టు, ఎవరికి వారే ఎటో చూశారు. వీధిలో ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. బాబాయి గుచ్చిన వేలును ఇంకో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. మిషను కుడివైపు బెల్టు వదులైందని, రేపు చూస్తానని వదినతో అన్నాడు. ఆమె సరేనంది.

నర్సు గడియారం చూసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పలక చేతిలోకి తీసుకుంది. వెలుతురు కోసం కొంచెం పక్కకు తిప్పింది.

"ఏమైందమ్మా?" అంది నాయనమ్మ, గడప పట్టుకుని లేస్తూ. "ఉందా? లేదా? నాకు చెప్పు ముందు, నేను వాడి తల్లిని."

నర్సు నోరు తెరవకముందే అమ్మాయి లేచింది.

"ఆగు నాయనమ్మా. మనకి కాదు. ముందు బాబాయికి చెప్పాలి."

తల్లి చెయ్యి పట్టుకుని వీధి అరుగు మీదికి పంపింది. నాయనమ్మ కదలకపోతే నెమ్మదిగా నడిపించుకుపోయింది. తనూ బయటికి వచ్చి, రెండు రెక్కలూ దగ్గరికి మూసింది.

అరుగు మీద ముగ్గురూ నిలబడ్డారు. లోపల నర్సు గొంతు మెల్లగా వినిపిస్తోంది. మాటలు తెలియడం లేదు. నాయనమ్మ తలుపు సందు దగ్గర చెవి పెట్టబోయింది. అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చి, అరుగు చివర కూర్చోబెట్టింది. తనూ పక్కన కూర్చుంది. ముసలామె వేళ్ళు మనవరాలి వేళ్ళను గట్టిగా పట్టుకున్నాయి. అమ్మాయి వదిలించుకోలేదు.

నర్సు గొంతు ఆగిపోయింది.

చాలాసేపటికి లోపల స్టూలు జరిగిన చప్పుడైంది. తలుపు తెరుచుకోలేదు. దాని వెనకనుంచి బాబాయి గొంతు మాత్రం వచ్చింది, ఎప్పుడూ పిలిచినట్టే, కాస్త బొంగురుగా.

"స్పానర్, నువ్వొక్కదానివే లోపలికి రా."